పసిబిడ్డ ఎందుకు ఏడుస్తోందో కనిపెట్టడం ఎలా?

"ఆకలి ఏడుపు ఎలా ఉంటుంది? కడుపునొప్పి ఏడుపు ఎలా ఉంటుంది? వింటే తేడా తెలుస్తుందా?" కొత్తగా తల్లిదండ్రులైనవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. అందరికీ ఒకేసారి వివరంగా చెబుదామని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. వినడం ఒక్కటే సరిపోదు. ఏ శబ్దానికి ఏ అర్థమో పట్టిక వేసి చెప్పే వీడియోలు, యాప్‌లు చాలా ఉన్నాయి. 'నే' అంటే ఆకలి, 'ఆవ్' అంటే నిద్ర అంటూ ఆస్ట్రేలియాకు చెందిన ప్రిసిల్లా డన్‌స్టన్ చెప్పిన పద్ధతి వాటిలో బాగా పేరున్నది. దాన్ని నమ్మి బిడ్డను ఇంకాస్త శ్రద్ధగా గమనిస్తే మంచిదే. కానీ ఆ శబ్దాలకు ఆ అర్థాలే ఉన్నాయనడానికి గట్టి ఆధారం లేదు. ఏడుపు గొంతును బట్టి బాధ ఎంత ఎక్కువగా ఉందో కొంత తెలుస్తుంది. ఆ బాధ ఎందుకన్నది మాత్రం మూడు చోట్ల వెతకాలి: బిడ్డ ఒంట్లో, గడియారంలో, ఏడుపుకు ముందు ఏం జరిగిందన్నదాంట్లో.

మా పెద్దపాప పుట్టినప్పుడు నాకు ఇది తెలియదు. మొదటి నెలంతా ప్రతి ఏడుపుకూ పాలే పట్టాను. తాగడం, కక్కడం, మళ్లీ ఏడవడం, మళ్లీ పట్టడం. ఆ పిల్లకు చాలాసార్లు కావలసింది నిద్ర. రెండో బిడ్డకు కింద చెప్పిన వరుసలో చూడడం మొదలుపెట్టాక ఇంట్లో అందరికీ టెన్షన్ తగ్గింది.

ఇక్కడ చెప్పేదంతా పుట్టినప్పటి నుంచి మూడు నెలల దాకా ఉన్న బిడ్డల గురించి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే, ఏ వారంలో ఏడుపు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అన్న లెక్కను డాక్టర్లు ముందు చెప్పిన కాన్పు తేదీ నుంచి వేసుకోండి.

దగ్గర ఉంచుకోవలసినవి

- చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా సరే. కానీ చంకలో బిడ్డతో, సగం నిద్రలో ఉన్నప్పుడు కాగితమే సులువు.
- డిజిటల్ థర్మామీటర్. పనిచేస్తుందో లేదో ముందే చూసి పెట్టుకోండి.
- సెకన్లు చూపించే గడియారం.
- చిన్న టార్చ్‌లైట్.
- మీ డాక్టరు నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు, గోడ మీద కనబడేలా.
- చేయి మార్చుకోవడానికి ఇంకో మనిషి. ఇది సామాను కాదని తెలుసు, కానీ అన్నిటికన్నా అవసరమైనది ఇదే.

1. ముందు ప్రమాదం లేదని చూసుకోండి

ఏడుపు వినగానే ఎత్తుకుని జోకొట్టడం కాదు, పది సెకన్లు బిడ్డను తేరిపార చూడండి. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా అంచెలన్నీ వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

- పెదవులు, నాలుక నీలంగా గానీ బూడిద రంగులో గానీ ఉండడం
- ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుపోవడం, మూలగడం, ఏడుపు ఆగాక కూడా నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ శ్వాసలు
- జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ లేదా ఆపైన, అంటే 100.4 ఫారన్‌హీట్. ఒంటికి హత్తుకుని కప్పినా 36 డిగ్రీలకు ఎక్కకపోవడం కూడా అంతే ప్రమాదం
- పాలు బొత్తిగా తాగకపోవడం, లేపినా సరిగా లేవకపోవడం, కాళ్లూ చేతులూ వేలాడేయడం
- ఫిట్స్
- ఆకుపచ్చని వాంతి, విరేచనంలో రక్తం
- ఏడవనప్పుడు కూడా మాడు ఉబ్బి బిగుసుకుని ఉండడం
- ఎప్పుడూ లేని సన్నటి కీచుగొంతుతో ఆగకుండా ఏడవడం, లేదా ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు మూలగడం
- కింద పడ్డాక గానీ, తలకు దెబ్బ తగిలాక గానీ మొదలైన ఏడుపు

ఎత్తుకుంటే తగ్గాల్సింది పోయి, ఎత్తుకున్నప్పుడల్లా ఏడుపు పెరుగుతుంటే ఎక్కడో నొప్పి ఉందని అర్థం. అదీ డాక్టరుకు చూపించవలసిందే.

శ్వాసలు లెక్కపెట్టేటప్పుడు నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. పసిబిడ్డల ఊపిరి ఒకే తీరుగా ఉండదు. కాసేపు గబగబా తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ తీస్తారు. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది.

జ్వరం విషయంలో ఇంకొంచెం చెప్పాలి. చంకలో కొలిచినప్పుడు 37.5 దాటితే, ఒక పొర బట్ట తీసి పావుగంటాగి మళ్లీ కొలవండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి. 38 ఉంటే ఫోన్ కూడా కాదు, నేరుగా వెళ్లడమే. ఈ వయసులో జ్వరం ఒక్కటే చాలు, వేరే లక్షణం అక్కర్లేదు. ఇంట్లో ఉన్న మందు వేసి రేపటిదాకా చూద్దాం అనుకోవద్దు.

కన్నీళ్లు రాలేదు కాబట్టి దొంగ ఏడుపు అనేవాళ్ల మాట పట్టించుకోకండి. పుట్టిన కొత్తలో ఏ బిడ్డకూ కన్నీళ్లు కారవు. కొన్ని వారాలు పడుతుంది.

2. నిజంగా మెలకువ వచ్చిందా?

పసిబిడ్డలు నిద్రలో ముక్కుతారు, మూతి తిప్పుతారు, నవ్వుతారు, ఒక్కోసారి కేరుమంటారు కూడా. కళ్లు మూసుకునే ఉంటే అర నిమిషం, నిమిషం ఆగి చూడండి. చాలాసార్లు వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. కంగారుపడి ఎత్తుకుంటే నిద్రపోతున్న బిడ్డను మనమే లేపినట్టవుతుంది. ఏడుపు పెరుగుతూ పోతే మాత్రం ఆగాల్సిన పనిలేదు, తీసుకోండి.

3. ఆకలి

అడగందే అమ్మయినా పెట్టదంటారు. బిడ్డ మాత్రం ఏడవడానికి చాలా ముందే అడుగుతుంది. మనమే గమనించం. వరుస ఇలా ఉంటుంది: ముందు కదులుతుంది, నోరు తెరుస్తుంది, పెదాలు చప్పరిస్తుంది, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది. తర్వాత పిడికిలి నోట్లో పెట్టుకుంటుంది, ఒళ్లు విరుచుకుంటుంది. ఇవేవీ ఎవరూ పట్టించుకోకపోతే అప్పుడు ఏడుస్తుంది. అంటే ఆకలి ఏడుపు మొదలయ్యేసరికే మనకు ఆలస్యమైపోయింది.

గడియారం చూడండి. కొత్త బిడ్డలు రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతారు. కడసారి తాగి రెండు గంటలు దాటిందంటే ఆకలే అని మొదలుపెట్టవచ్చు. సాయంత్రాలు, ఒక్కసారిగా ఎదిగే రోజుల్లో, గంటకోసారి, అంతకన్నా ముందు కూడా అడుగుతారు. అది పాలు చాలడం లేదనడానికి గుర్తు కాదు.

ఇక్కడ జరిగే తప్పులు మూడు.

మొదటిది, చెంప మీద వేలు పెట్టి చూడడం. తాకగానే నోరు తిప్పితే ఆకలి అనుకుంటారు. ఆ వయసులో చెంప తాకితే ఆకలి లేకున్నా నోరు తిప్పుతారు, అది పుట్టుకతో వచ్చే స్పందన. ఎవరూ తాకకుండానే వెతుకుతుంటే అది ఆకలి.

రెండోది, గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ నోట్లో రొమ్ముగానీ బాటిల్‌గానీ పెట్టేయడం. అలా ఏడ్చేటప్పుడు నాలుక పైకి లేచి ఉంటుంది, పట్టు దొరకదు, పొలమారుతుంది. బట్టలు తీసి ఛాతీకి ఆనించుకుని నిమిషం, రెండు నిమిషాలు శాంతపరిచి, అప్పుడు పట్టండి.

మూడోది, బాటిల్‌లో మిగిలిన పాలు బలవంతంగా తాగించడం. తల తిప్పేసిందంటే చాలని చెప్పినట్టే. డబ్బాపాలు ఇస్తున్నవాళ్లు డబ్బా మీద రాసిన కొలతకే కలపండి. చిక్కగా చేస్తే ఎక్కువసేపు పడుకుంటుందనుకోవడం ప్రమాదం, పలచన చేయడమూ ప్రమాదమే.

సరిగా తాగిందో లేదో ఎలా తెలుస్తుంది? తాగేటప్పుడు గుటక వినిపిస్తుంది. మొదట్లో బిగించి ఉన్న పిడికిళ్లు మెల్లగా విచ్చుకుంటాయి, చేయి ఎత్తి వదిలితే మెత్తగా వాలిపోతుంది. నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఆ పిడికిలే. ఇక రోజు మొత్తం మీద చూస్తే, అయిదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం ఆరు డైపర్లు బాగా తడవాలి, మూత్రం లేత రంగులో ఉండాలి. పుట్టిన మొదటి రోజుల్లో తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి. ఇవి సరిగ్గా ఉంటే 'పాలు చాలడం లేదేమో' అన్న బెంగ వదిలేయండి. లేకపోతే ఏడుపు సంగతి తర్వాత, ముందు బరువు చూపించండి.

4. గాలి, కడుపుబ్బరం

పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఏడ్చినా, తాగిన పావుగంటలోపు మెలికలు తిరిగినా త్రేన్పు కోసం చూడండి. మూడు పద్ధతులున్నాయి: భుజాన వేసుకుని వీపు నిమరడం, ఒళ్లో కూర్చోబెట్టి గడ్డం కింద చేయి ఆసరా ఇచ్చి కాస్త ముందుకు వంచడం, తొడల మీద బోర్లా వేసుకుని తట్టడం. ఒకదానితో రాకపోతే ఇంకోటి చేయండి. అయిదారు నిమిషాలు చూసినా రాకపోతే వదిలేయండి. ప్రతిసారీ రావాలనేం లేదు.

కాళ్లు పొట్టలోకి ముడుచుకుంటే గ్యాస్ అని అందరూ అంటారు. గట్టిగా ఏడ్చే ఏ బిడ్డయినా కాళ్లు ముడుచుకుంటుంది. పైగా ఏడ్చేటప్పుడు గాలి మింగుతుంది కాబట్టి, ఏడుపు వల్లే గ్యాస్ వచ్చి ఉండొచ్చు. అందుకని ఈ ఒక్క గుర్తు చూసి మందులకు వెళ్లకండి.

విరేచనానికి ముందు పది నిమిషాలు ముక్కి, మొహం ఎర్రబడి, ఏడ్చి, చివరికి మెత్తగానే వెళ్తే అది మలబద్ధకం కాదు. పొట్ట బిగించడం, కింద వదలడం, రెండూ ఒకేసారి చేయడం బిడ్డ ఇంకా నేర్చుకుంటోంది. సబ్బుముక్కలు, పుల్లలు పెట్టడం లాంటివి చేయవద్దు. మోకాళ్లు మడిచి పొట్టకు నెమ్మదిగా ఆనిస్తే చాలు.

5. బట్టలు విప్పి తల నుంచి కాలి దాకా చూడండి

చాలామంది డైపర్ చూసి ఆపేస్తారు. పాలు, త్రేన్పు అయ్యాక కూడా ఏడుపు ఆగకపోతే మొత్తం విప్పండి. టార్చ్ వేసి ఇలా చూడండి:

కాలి వేళ్లు, చేతి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి. రాలిన వెంట్రుక గానీ మేజోడు లోపలి దారం గానీ చుట్టుకుని బిగుసుకుపోయి ఉండొచ్చు. వేలు ఉబ్బి, ఎర్రగా కందిపోయి కనిపిస్తుంది. కాన్పు తర్వాత తల్లికి జుట్టు బాగా రాలుతుంది కాబట్టి ఇది అనుకున్నంత అరుదు కాదు. మగపిల్లల్లో మర్మాంగం చుట్టూ కూడా చూడాలి. వెంట్రుక కనబడి తేలిగ్గా వస్తే తీసేయండి. చర్మంలోకి దిగిపోతే లాగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గజ్జల్లో గట్టి ఉబ్బు, వృషణాల వాపు, బొడ్డు చుట్టూ ఎర్రదనం ఉన్నా అంతే, ఆలస్యం చేయొద్దు. నోట్లో తుడిస్తే పోని తెల్లటి మచ్చలు, డైపర్ కింద పుండ్లు ఉంటే మర్నాడు చూపించవచ్చు.

వేడి, చలి చూడాలంటే అరచేతులు, పాదాలు పట్టుకోకండి. అవి చల్లగా ఉండడం మామూలే. మెడ వెనకగానీ ఛాతీ మీదగానీ చేయి పెట్టండి. చెమటగా, వేడిగా ఉంటే ఒక పొర తీసేయండి. చల్లగా ఉంటే ఒక పొర వేయండి.

6. నిద్ర

నన్నడిగితే, ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. కొత్త బిడ్డ ఒక విడత మేలుకుని ఉండగలిగేది ముప్పావు గంట నుంచి గంట, బాగా ఉంటే గంటన్నర. పాలు తాగడం, బట్టలు మార్చడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఆ సమయం దాటితే బిడ్డ అలసిపోయి పడుకుంటుందనుకుంటాం. కానీ అలసట మితిమీరితే నిద్ర పట్టదు, ఏడుస్తుంది.

గుర్తులు: శూన్యంలోకి చూడడం, మీ మొహం నుంచి చూపు తిప్పేయడం, కనుబొమ్మలు ముడవడం, ఆవలింత, చేతులు ఉలికిపాటుగా కదలడం. చూపు తిప్పేసినప్పుడే గ్రహించాలి. ఆడించి మళ్లీ నవ్వించాలని చూస్తాం, ఆ బిడ్డ అప్పటికే చాలంటోంది.

గది చీకటి చేసి, మాటలు తగ్గించి, భుజాన వేసుకుని ఒకే వేగంతో నడవండి. 2022లో జపాన్ పరిశోధకులు చిన్న సంఖ్యలో బిడ్డల మీద చూసి ఒక పద్ధతి చెప్పారు: ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని 5 నిమిషాలు ఆగకుండా నడవాలి, నిద్రలోకి జారాక 5 నుంచి 8 నిమిషాలు ఎత్తుకునే కూర్చోవాలి, ఆ తర్వాత పడుకోబెట్టాలి. కళ్లు మూసుకోగానే పక్క మీద వేస్తే లేచిపోయే బిడ్డలకు ఇది ప్రయత్నించి చూడండి. ఆ కూర్చునే ఎనిమిది నిమిషాలే చాలామంది ఎగ్గొట్టేది.

పడుకోబెట్టడం ఎప్పుడూ వెల్లకిలా, గట్టి సమతలమైన పక్క మీద. తలగడ, మెత్తటి బొమ్మలు, వదులు దుప్పట్లు వద్దు. బట్టలో చుడితే తుంటి, కాళ్లు కదిలేంత వదులుగా చుట్టండి. పొర్లడానికి ప్రయత్నం మొదలుపెట్టగానే చుట్టడం మానేయాలి. బిడ్డతో సోఫాలో కూర్చుని కునుకు తీయవద్దు. నిద్ర ముంచుకొస్తుంటే బిడ్డను ముందు పక్క మీద పెట్టండి.

7. ఎత్తుకోమని

కడుపు నిండింది, ఒళ్లు పొడిగా ఉంది, నిద్రా అయింది. అయినా ఏడుస్తోంది, ఎత్తుకోగానే ఆగింది. అయితే జవాబు దొరికినట్టే. 'ఎత్తుకుంటే అలవాటైపోతుంది' అన్న మాట ఈ వయసు బిడ్డకు వర్తించదు. ఎత్తుకోండి.

8. ఏం చేసినా ఆగని సాయంత్రపు ఏడుపు

రెండో వారం నుంచి ఏడుపు పెరుగుతూ ఆరో వారం ప్రాంతంలో పతాక స్థాయికి చేరుతుంది. మూడు, నాలుగు నెలలకు తగ్గిపోతుంది. ఆ పెరిగిన వారాల్లో ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కూడా రోజులో రెండు, మూడు గంటలు ఏడవవచ్చు. అదీ ఎక్కువగా సాయంత్రం, రాత్రి మొదటి భాగంలో. ముందు ఏ కారణమూ కనిపించదు, దానంతటదే మొదలై దానంతటదే ఆగుతుంది.

కోలిక్ అనేది ఇదే. రోజుకు 3 గంటలకు మించి, వారంలో 3 రోజులకు మించి, 3 వారాలకు మించి ఏడిస్తే కోలిక్ అన్న కొలత 1954లో అమెరికా వైద్యుడు మోరిస్ వెసెల్ బృందం పెట్టింది. ఇప్పటి డాక్టర్లు గంటలు అంత కచ్చితంగా లెక్కపెట్టరు. బిడ్డ బరువు పెరుగుతోందా, జ్వరం లేదా, మిగతా సమయాల్లో హుషారుగా ఉందా అని చూస్తారు. మీరూ అవే చూడండి.

ఈ ఏడుపుకు మందు వెతకొద్దు. ఒక్కోసారి ఒక్కో పని పట్టుకుని అయిదు నిమిషాలు చేయండి: ఎత్తుకుని నడక, చర్మానికి చర్మం తగిలేలా ఛాతీ మీద పడుకోబెట్టుకోవడం, గోరువెచ్చని నీళ్ల స్నానం, దూరం నుంచి సన్నగా వినిపించే ఫ్యాన్ లాంటి మోత, కాసేపు బయటి గాలి. నిమిషానికొకటి మారిస్తే బిడ్డ ఇంకా చికాకు పడుతుంది, ఏది పనిచేసిందో మీకూ తెలియదు.

ఆరు నెలల లోపు నీళ్లు, గ్రైప్ వాటర్, పంచదార నీళ్లు పట్టవద్దు. ఏడాది లోపు తేనె నాకించవద్దు, దానివల్ల బోటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. నిద్రమందు కలిసిన ఏ చుక్కలూ వద్దు.

9. మీ సహనం అయిపోతుంటే

బిడ్డను వెల్లకిలా పక్క మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి, పక్క గదిలోకి వెళ్లండి. అయిదు, పది నిమిషాలు. మొహం కడుక్కోండి, ఎవరికైనా ఫోన్ చేయండి, తర్వాత వెళ్లి చూడండి. సురక్షితమైన పక్క మీద ఆ కాసేపు ఏడిస్తే బిడ్డకు ఏమీ కాదు. కోపంలో పట్టుకుని కుదిపితే మెదడులో రక్తస్రావమై బిడ్డ చనిపోవచ్చు, చూపు పోవచ్చు. ఎంత కోపం వచ్చినా కుదపవద్దు. ఇంట్లో బిడ్డను చూసే ప్రతి ఒక్కరికీ, పనివాళ్లతో సహా, ఈ మాట చెప్పి ఉంచండి.

బిడ్డకో, మీకో హాని చేసుకోవాలనే ఆలోచనలు వస్తుంటే అదే రోజు డాక్టరుకు చెప్పండి. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోయినా కూడా చూపించుకోండి. కాన్పు తర్వాత కుంగుబాటు చాలామందికి వస్తుంది, వైద్యంతో తగ్గుతుంది.

మీ అంచనా సరైందో కాదో ఎలా చూడాలి?

ఏడుపు ఆగగానే కనిపెట్టేశామనుకోకండి. కనీసం ఇరవై నిమిషాలు ఆగి ఉండాలి. రొమ్ము నోట్లో పెట్టగానే ఆగి, రెండు గుటకలు వేసి, అయిదు నిమిషాలకు మళ్లీ మొదలైతే అది ఆకలి కాదు. చప్పరించడం వల్ల కాసేపు ఊరట దొరికింది, అసలు కారణం అలాగే ఉంది. తర్వాతి అంచెకు వెళ్లండి.

నోట్‌బుక్‌లో ఒక్కో ఏడుపుకు ఒక్క వరుస రాయండి. ఇలా:

"సా. 6:10 ఏడుపు. పాలు 5:20కి. లేచి గంటా పావు. చూపు తిప్పేసింది, ఆవలింత. చీకటి గది, నడక. 6:25కి నిద్ర."

మూడు రోజులు రాశాక వరుసగా చదవండి. 'లేచి ఎంతసేపైంది' అన్నచోట ఒకే రకం అంకెలు కనబడితే మీ బిడ్డ నిద్ర సమయం తెలిసిపోతుంది. తర్వాతిసారి ఆ సమయానికి పది నిమిషాల ముందే గది చీకటి చేసి చూడండి. ఏడుపు రాకుండానే పడుకుంటే మీ అంచనా సరైనదే.

ఏడుపుతో పాటు బరువు పెరగకపోయినా, తాగిన ప్రతిసారీ వెనక్కి విరుచుకుని ఏడ్చినా, విరేచనంలో జిగట ఉన్నా, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా ఆ నోట్‌బుక్ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాలుగు నెలలు దాటినా ఏడుపు తగ్గకపోతే కూడా. డాక్టరు అడిగేవి దాదాపు ఇవే: ఏ వేళకు మొదలవుతుంది, ఎంతసేపు, పాలకు ముందా తర్వాతా, రోజుకు ఎన్ని డైపర్లు తడుస్తున్నాయి. ఏడుస్తున్నప్పుడు తీసిన ఒక నిమిషం వీడియో కూడా ఫోన్‌లో ఉంచుకోండి. చాలామంది బిడ్డలు ఆసుపత్రి గుమ్మం దాటగానే ఏడుపు ఆపేస్తారు.